క్వారీ గట్టు మీద నాలుగో ఎర్తు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. భయం కాదు, చిరాకే. ఎవరైనా మొదలుపెడితే చాలు, మధ్యలో అడ్డుపడి అప్పుడు టైమెంత, లైటుందా లేదా, మీకు జ్వరం గానీ ఉందా అని ప్రశ్నలు వేసి కథను చంపేసేవాణ్ణి. ఈ విషయంలో మా బంధువుల్లో నాకు ఏమంత మంచి పేరు లేదు.

ఒకసారి తంబళ్లపల్లె దగ్గర మా అత్తగారి తరపు వాళ్ళింట్లో కొళాయి ముట్టుకుంటే ఎవరో చెయ్యి పట్టుకుని విదిలించినట్టు అవుతోందన్నారు. ఇంటికి గాలి సోకిందని రెండు శుక్రవారాలు పూజ కూడా చేయించారు. నేను టెస్టర్ పట్టుకుని వెళ్ళాను. బోరు మోటారు వైరు పైపులో ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. కొళాయికి టెస్టర్ ఆనించగానే ఎర్రగా వెలిగింది. అదిగో మీ దయ్యం, ఇప్పుడు పట్టుకోండి అన్నాను. ఆ మాట చెప్పుకుని చాలా ఏళ్ళు నవ్వుకున్నాం.

అలాంటి నేనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. జరిగి మూడేళ్ళయింది. నేను చూసింది, నా చేత్తో పట్టుకుంది మాత్రమే రాస్తాను. పేర్లు మార్చాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే కంపెనీ తప్పేమీ లేదు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

సముద్రం అడుగున గ్యాసు బావులుంటాయి. కొన్నేళ్ళు తీశాక వాటిలో ఒత్తిడి తగ్గిపోయి గ్యాసు తనంతట తాను ఒడ్డుకు రాదు. అప్పుడు నీళ్ళ అడుగునే ఒక పెద్ద కంప్రెసర్ పెట్టి గ్యాసును ఒడ్డుకు తోస్తారు. దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు ఒడ్డు మీదినుంచి ఎన్నో కిలోమీటర్ల కేబుల్లో సముద్రం కిందుగా వెళ్ళాలి. మన పల్లెల్లో లైను చివరి బోరుకు వోల్టేజీ అందక మోటారు మూలుగుతుంది చూడండి, అదే బాధ అక్కడా ఉంటుంది, కాకపోతే వంద రెట్లు. సముద్రంలో దించాక ఏదైనా పాడైతే ఓడలు వేసుకుని వెళ్ళాలి. అందుకని ముందే నేల మీద మొత్తం కలిపి పరీక్ష చేస్తారు. ఆ పరీక్షే నా పని.

మా టెస్టింగ్ యార్డు పుంగనూరు దగ్గర ఉండేది. నేను మదనపల్లె నుంచి రోజూ వెళ్ళి వచ్చేవాణ్ణి. టీ కొట్టు దగ్గర మా పని గురించి చెబితే, ఈడ సముద్రం యాడుండాది సారూ అని నవ్వేవాళ్ళు. సముద్రం లేదు గానీ వదిలేసిన గ్రానైట్ క్వారీ గుంత ఒకటి ఉంది. నిండా నీళ్ళు, నాలుగు తాటిచెట్ల లోతు. ఆ గుంతలోకి మోటారును దించాం. గుట్టకు ఇవతల కంట్రోల్ షెడ్డు, మధ్యలో పెద్ద పెద్ద డ్రమ్ములకు చుట్టిన కేబుల్, ఒకదాని కొస ఇంకోదానికి కలిపి. గుట్టకు అవతల గుంత. షెడ్డు నుంచి గుంత కనపడదు. నడిస్తే పదిహేను నిమిషాలు.

ఇంత పొడుగు కేబుల్‌తో ఒక గండం ఉంది. స్విచ్ ఆపేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని భూమిలోకి దింపేసినా, కాసేపు వదిలేస్తే మళ్ళీ కొంత ఊరుతుంది. ఇంట్లో ఫ్యూజు పీకేసి వైరు ముట్టుకున్నట్టు దీన్ని ముట్టుకుంటే మనిషి మిగలడు. అందుకని కేబుల్ మీద చెయ్యి వేసినంతసేపూ దానికి ఎర్తు కట్టి ఉంచాలి. ఎర్తంటే మరేం లేదు, అరచేతిలో పట్టే మూడు రాగి క్లాంపులు, వాటిని కలుపుతూ జడలా అల్లిన రాగి తీగ, ఆ తీగ కొస భూమిలో పాతిన కడ్డీకి. ఎర్తు కట్టి ఉన్నప్పుడు ఎవరైనా పొరపాటున స్విచ్ వేసినా కరెంటు నేలలోకి పోతుంది, షెడ్డులో బ్రేకర్ దానంతట అది పడిపోయి కరెంటు ఆగిపోతుంది.

ఈ పద్ధతంతా మా యార్డులో పెట్టింది మునిరత్నప్ప. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరై మా దగ్గర చేరాడు. ఊరు గుడుపల్లె పక్కన. పుంగనూరులో గది తీసుకుని ఉంటూ వారానికోసారి ఊరికి వెళ్ళేవాడు. చదువు తక్కువ, నోరు ఎక్కువ. ఇంజనీర్లమని కూడా చూడకుండా అందరినీ కడిగేసేవాడు.

ఆయన నియమం ఒకటే. ఎవడి ఎర్తు వాడిదే. కట్టినవాడే విప్పాలి. విప్పినవాడు తనే షెడ్డుకు నడిచి వచ్చి, లైన్ క్లియర్ పుస్తకంలో సంతకం పెట్టి, స్విచ్ వేసేవాడి ఎదురుగా నిలబడాలి. అప్పుడే స్విచ్. మా నలుగురికీ నాలుగు ఎర్తులు ఇప్పించి, షెడ్డు గోడకు చెక్క బిగించి నాలుగు మేకులు కొట్టాడు. తన క్లాంపుల మీద మేకుతో పొడిచి 'ము' అని రాసుకున్నాడు. ఆయుధ పూజ నాడు దానికి పసుపు దారం కట్టి ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకసారి గుట్ట దిగి రావడం దండగ, ఫోను చేస్తే చాలు కదా అన్నాను.

"ఫోన్లో సెప్పింది నేనే అని నీకెట్ల తెల్సు సారూ? నేను సెప్పినాక మళ్ళా ఎనక్కి పోలేదని నీకెట్ల తెల్సు? మనిసి రావాల. నీ ముందర నిలబడాల. అప్పుడు ఎయ్యి స్విచ్చి."

పెళ్ళిచూపులా మునిరత్నప్పా, మనిషిని చూడందే ఒప్పుకోవు అని ఎగతాళి చేశాను. నవ్వాడు. కానీ ఆ రోజునుంచి నేనెప్పుడు స్విచ్ దగ్గర ఉన్నా నడిచొచ్చి నా ఎదురుగా కావాలని చెయ్యెత్తి దండం పెట్టి నిలబడేవాడు. కోపమొచ్చేది, నవ్వూ వచ్చేది.

చెనక్కాయలు పీకే రోజుల్లో నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదట. గుండెపోటన్నారు. మేము నలుగురైదుగురం జీపులో వెళ్ళాం. వెళ్ళేటప్పుడు నేను ఆయన ఎర్తు కూడా తీసుకుపోయాను. ఇంకెవరూ దాన్ని వాడేటట్టు లేరు, ఇంటివాళ్ళ దగ్గరుంటే బాగుంటుందనిపించింది.

వాళ్ళల్లో పూడుస్తారు. ఆయన భార్య కమలమ్మ ఆ రాగి తీగను చుట్టచుట్టి గుంతలో ఆయన కుడిచేతి పక్కన పెట్టించింది. మాతో వచ్చిన ఒకాయన ఫోనులో ఫొటో కూడా తీశాడు. నేను మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. ఎర్రమట్టి. రాగి కనపడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత యార్డుకు వచ్చి స్టోర్స్ రిజిస్టర్లో నాలుగో నంబరు కొట్టేసి, కుటుంబానికి ఇచ్చామని నేనే రాశాను. చెక్కకు మూడు ఎర్తులు మిగిలాయి. ఒకటి నాది, ఒకటి ఇంకో టెక్నీషియన్‌ది, మూడోది హరిది.

హరి నా బామ్మర్ది. మా ఆవిడ నిర్మలకు ఒక్కడే తమ్ముడు. సొంతూరు బి.కొత్తకోట. మదనపల్లెలో మోటార్లు వైండింగ్ చేసే షాపులో ఉన్నవాణ్ణి నేనే యార్డులోకి తీసుకొచ్చాను. నిర్మలకు ఇష్టం లేదు. పెద్ద కరెంటు, మనకెందుకు అని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి ఒప్పుకుని ఒక మాట అంది.

"వాణ్ణి నీ సేతిలో పెడతాండా. మళ్ళా నాకేం తెలీదని అనొద్దు."

మునిరత్నప్ప పోయాక గుంత దగ్గరి పని హరికి ఇచ్చాను. చేతి పని బాగా తెలిసినవాడు. నేను చెప్పబోయే రోజుకి వాడికి పెళ్ళి కుదిరి ఉంది, ఇంకో నెలలో ముహూర్తం.

ఇక ఆ రోజు. మునిరత్నప్ప పోయి ఎనిమిది నెలలైంది. మా పరికరాలు కొనేవాళ్ళ తరపున ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. వాళ్ళ కళ్ళ ముందు మొత్తం కేబుల్ మీదుగా పూర్తి లోడు ఇచ్చి చూపించాలి. ఎండ బాగా కాస్తోంది, ఉదయం పది దాటింది. గుంత గట్టు మీద కేబుల్ కొసలు కలిసే ఇనుప పెట్టె ఉంటుంది. అందులో ఒక బోల్టు వదులైందని హరి తన ఎర్తు తీసుకుని వెళ్ళాడు. పదిన్నరకు ఫోను చేశాడు.

"అయిపాయ బావా. బోల్టులు బిగిచ్చినా, ఎర్తు ఇప్పేసినా. నీళ్ళ క్యాన్ల ఆటో వస్తాండాది, దాంట్లో ఏసి పంపిస్తా. పెట్టెకు మూత ఏసి నేను ఎనకాల నడిసి వస్తాండా."

ఆటో వచ్చింది. డ్రైవరు ఎర్తు ఇచ్చాడు. నేనే దాన్ని మేకుకు తగిలించాను. మూడు మేకులకు మూడు ఎర్తులు ఉన్నాయి. లెక్క సరిపోయింది. హరి ఇంకా రాలేదు.

ఇన్‌స్పెక్టర్లు కాఫీలు తాగేసి కుర్చీల్లో కదులుతున్నారు. మా మేనేజరు నన్నే చూస్తున్నాడు. లైన్ క్లియర్ పుస్తకం నా ముందు తెరిచి ఉంది. హరి పేరు ఎదురుగా సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

నేను పెట్టాను. హరి బదులు నేనే వాడి సంతకం పెట్టాను. ఎవరో బయటివాడైతే పెట్టేవాణ్ణి కాదు. పిలిపించి, నిలబెట్టి, పెట్టించేవాణ్ణి. మా వాడే కదా అనుకున్నాను. ఇంట్లో బ్యాంకు కాగితాల మీద, గ్యాసు బుక్కు మీద వాడి సంతకం ఎన్నిసార్లు నేను పెట్టలేదు అనుకున్నాను. ఆ క్షణంలో నా బుర్రలో ఇంతకు మించి ఏమీ లేదు.

సైరన్ మోగించాం. అవతల గుట్ట పక్కన కంకర మిషను ఆడుతూ ఉంటుంది, దాని హోరులో సైరన్ గుంత దాకా వినపడదని నాకు తెలుసు. తెలిసీ స్విచ్ వేశాను.

బ్రేకర్ పడింది. వేసిన క్షణంలోనే, షెడ్డంతా అదిరేటట్టు పడింది. స్క్రీను మీద చూస్తే మూడు లైన్లూ ఒక్కసారే భూమిలోకి పోయాయి. ఎంత దూరంలో అన్నది కూడా మిషను చూపిస్తుంది. గుంత దగ్గర, చిట్టచివర.

ఇన్‌స్పెక్టర్లలో పెద్దాయన నవ్వాడు. ఎర్తు తీయడం మరిచిపోయినట్టున్నారు అన్నాడు. మేనేజరు మొహం మాడిపోయింది. నేను చెక్క వైపు చూశాను. మూడు ఎర్తులూ అక్కడే వేలాడుతున్నాయి.

హరికి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. ఎవరో సార్ సార్ అంటున్నారు. స్విచ్‌కు తాళం వేశానో లేదో గుర్తులేదు, తర్వాత చూసుకుంటే తాళంచెవి నా జేబులోనే ఉంది. ఎవరి బైకు తీశానో కూడా తెలియదు. గుట్ట చుట్టూ తిరిగే ఆ దారిలో నా కళ్ళ ముందు హరి లేడు, నిర్మల ఉంది. సాయంత్రం తలుపు తీసే నిర్మల. ఆమెకు ఏం చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, అదొక్కటే ఆలోచన.

హరి బతికే ఉన్నాడు.

పెట్టెకు పది అడుగుల దూరంలో బండ మీద కూలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. నన్ను చూసి లేవబోయి లేవలేక పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

పెట్టె మూత తెరిచి ఉంది. లోపల మూడు కొసలకూ మూడు రాగి క్లాంపులు బిగించి ఉన్నాయి. తీగ కొస భూమిలోని కడ్డీకి కట్టి ఉంది.

"నేను కట్టలే బావా. మా అమ్మ మీద ఒట్టు. నా ఎర్తు ఆటోలో పంపిచ్చినా."

వాడు చెప్పింది ఇది. ఎర్తు విప్పి ఆటోలో పంపి, పెట్టెకు మూత వేసి రెండు బోల్టులు చేత్తోనే తిప్పి బయలుదేరాడు. సగం దారిలో స్పానరు పెట్టెలోపలే మరిచానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి మూత తీశాడు. తన ఎర్తు లేదు కదా, ఏ ధైర్యంతో చెయ్యి పెట్టావురా అని అడిగితే, నేను వస్తే గదా నువ్వు స్విచ్చి ఏసేది అన్నాడు. వంగి అడుగున ఉన్న స్పానరు కోసం చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా లోపల ఉన్నప్పుడు టప్పుమని శబ్దమైంది. పెట్టె అదిరింది. తలెత్తితే తన కళ్ళ ముందు జానెడు దూరంలో ఈ క్లాంపులు ఉన్నాయి. మూత తీసినప్పుడు అవి ఉన్నాయా అని పదిసార్లు అడిగాను. లేవు బావా, ఉంటే కనపడవా అన్నాడు.

మనిషెవరైనా కనిపించాడా అని అడిగాను. ఎవరూ లేరన్నాడు. గుంత చుట్టూ ముళ్ళకంచె ఉంది. దారి ఒక్కటే, ఆ దారిలోనే వాడు నడిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఆటో తప్ప ఇంకేదీ లోపలికి రాలేదన్నాడు.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. మధ్య క్లాంపు మీద మేకుతో పొడిచిన 'ము' ఉంది. దాని మెడకు దారం ఉంది, పసుపు రంగు పోయి మట్టి రంగులోకి వచ్చింది. రాగి జడ సందుల్లో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. తడిగా ఉంది. మా యార్డులో ఎర్రమట్టి లేదు, అంతా క్వారీ బూడిద. వానలు పడి రెండు నెలలైంది.

తీగను పెట్టె పిడికి రెండు చుట్లు చుట్టి లోపలికి మడిచి ఉంది. అలా మడిచేవాడు మా యార్డులో ఒక్కడే ఉండేవాడు.

నేను అప్పుడు అరిచానని హరి అంటాడు. నాకు గుర్తులేదు. స్పానరు తీసుకుని ఆ మూడు క్లాంపులూ నా చేత్తోనే విప్పాను. గట్టిగా బిగించి ఉన్నాయి, రెండు చేతులూ వేయాల్సి వచ్చింది. గాలికి వచ్చి పడేవి కావు అవి.

అంతలో హరి నా భుజం మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఆపకుంటే పోయింటా బావా. నీకెట్ల తెల్సింది నేను ఈడుండానని? ఏసిన ఎంటనే ఆపితివి గదా."

బ్రేకర్ దానంతట అది పడిందని ఆ భయంలో వాడికి తట్టలేదు. ఎవరో స్విచ్ వేశారు, నేను పరిగెత్తి ఆపేశాను అనుకున్నాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మేనేజరు, ఇంకో ఇద్దరు గుట్ట మలుపు తిరిగి వస్తున్నారు. నోరు మూసుకున్నాను.

ఆ ఎర్తును చొక్కా కింద దాచాను. ఎందుకు దాచానో చెప్పలేను. రిపోర్టులో 'చివర ఎర్తు తీయడం మరిచారు' అని రాశారు. స్విచ్ ఎవరు వేశారన్నది అందులో లేదు, షెడ్డులో ఉన్నవాళ్ళెవరూ హరితో ఆ మాట ఎత్తలేదు. నాకు ఒక హెచ్చరిక లెటరు ఇచ్చారు. ఎర్తు తీయనందుకు! ఆ లెటరు చదివి బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

నేను ఊరుకునే రకం కాదు. అదే వారం స్టోర్స్ రిజిస్టర్ తీసి చూశాను. నాలుగే కొన్నారు, ఐదోది లేదు. పూడ్చిన నాడు తీసిన ఫొటో అడిగి తెప్పించుకుని పెద్దది చేసి చూశాను. ఆయన కుడిచేతి పక్కన రాగి చుట్ట, దానికి పసుపు దారం. నా దగ్గరున్న దాన్ని పక్కన పెట్టి చూశాను. ముడి కూడా అదే. ఇక మిగిలింది ఒకటే. రాగి కదా, ఎవడో తవ్వుకుని ఉంటాడు. అలా అనుకున్నాక కొంచెం ఊపిరాడింది. ఆదివారం బస్సెక్కి కుప్పం వెళ్ళి, అక్కణ్ణుంచి గుడుపల్లె దారి పట్టాను.

కమలమ్మ ఇంటి ముందు చింతపండు ఒలుస్తోంది.

"ఏమప్పా, ఇంత దూరం వస్తివి? ఒగ ఫోన్ సేసింటే బస్టాండు కాడికి ఎవురినన్నా పంపిచ్చిందును గదా."

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను సంచిలోంచి పేపరు చుట్ట తీసి విప్పాను. ఆమె చెయ్యి చింతపండు మీదే ఆగిపోయింది.

"ఇది నీకాడ ఎట్లుండాది?"

జరిగింది చెప్పాను. ఆమె భయపడలేదు, ఏడవలేదు. మొదట అడిగింది హరి గురించి. బాగున్నాడమ్మా, ఏమీ కాలేదు అన్నాను. అయితే సాలప్పా అంది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"స్విచ్చి ఏసిందెవురు?"

మిషన్లో ఏదో పొరపాటు జరిగిందమ్మా అన్నాను.

"ముప్పై ఏండ్లు లైన్మేను పెండ్లామును. స్విచ్చి దానంతట అది ఏసుకోదు గదప్పా."

నేను తల వంచుకున్నాను. ఆమె లేచింది. చెయ్యి కడుక్కుని, రా పోదాం అంది.

పొలం మూలన పూడ్చారు. నేను వెతకాలనుకున్న గుర్తులు ఒక్కటీ లేవు. నక్కలు తవ్వకుండా పేర్చిన రాళ్ళు పేర్చినట్టే ఉన్నాయి. వాటి మీద వేసిన ముళ్ళకంప ఎండి అలాగే ఉంది. రాళ్ళ సందుల్లోంచి ఏదో తీగ మొలిచి మొత్తం అల్లుకుని, పూత కూడా పూసింది. ఒక్క రాయి కదిలినా ఆ తీగ తెగాలి. ఎక్కడా తెగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూశాను.

"అమాసకమాసకు వచ్చి దీపం పెడతాండా. మొన్న గూడా వచ్చినా. ఒగ రాయన్నా కదిలిందేమో సూడు."

ఒక్కసారి తవ్వి చూద్దామమ్మా అన్నాను. దుఃఖంలో ఉన్న ఆడమనిషిని ఎవరైనా అడిగే మాటేనా అది? కానీ అడిగాను. లోపల రాగి లేదని చూడాలి. లేదా ఉందని చూడాలి. ఏదైనా సరే నాకు కావాలి.

"నీకు తెల్సుకోవాలని ఉండాది. నాకు తెల్సుకోవాలని లేదప్పా. పండుకోనీ."

ఎర్తును అక్కడే పెడదామంటే ఒప్పుకోలేదు. ఒగతూరి మట్టిలో పెట్టినాం, మళ్ళా పెట్టేదానికి నాకు సేతులు రావు, నువ్వే పెట్టుకో అంది. కుప్పం నుంచి వచ్చే బస్సులో నిండు ఎండలో కిటికీ పక్కన కూర్చుని కూడా నాకు వణుకు ఆగలేదు. పక్కనాయన జ్వరమా అని అడిగాడు, అవునన్నాను.

ఆ ఎర్తు ఇప్పుడు యార్డులో నా బీరువాలో తాళం వేసి ఉంది. నేను ఆ తర్వాత ఒక్కసారి కూడా స్విచ్ దగ్గర నిలబడలేదు, కాగితాల పని అడిగి మారిపోయాను. ఆ మట్టిలోంచి అది ఆ పెట్టెలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఎక్కడో ఒకచోట ఆగిపోతాను. ఇంకెవరైనా నాకు ఇదే కథ చెబితే నేను వేసే ప్రశ్నలన్నీ నన్ను నేనే వేసుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

హరి పెళ్ళిలో వాడు పీటల మీదనుంచే అందరికీ చెప్పాడు, మా బావ లేకుంటే ఈ పెళ్ళి లేదని. ఆ రోజునుంచి నిర్మల నాతో మాట్లాడే తీరే మారిపోయింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఏదో గుళ్ళో ఉన్నట్టు వడ్డిస్తుంది. చెప్పాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, చెప్పకుండానే లేచాను.

పోయిన నెల హరికి కొడుకు పుట్టాడు. పేరు పెట్టడం మదనపల్లెలో మా ఇంట్లోనే చేశాం. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయమంటే హరి నా వైపు చూసి నవ్వి, వేలితో 'మురళీధర్' అని రాశాడు. అది నా పేరు. పెద్దవాళ్ళు బిడ్డ చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పారు. మా అత్తగారు లేచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

స్విచ్ వేసిన చెయ్యి అదే.

హరీ, ఇది ఇంకెవరూ చదవకముందే నీకు పంపుతున్నాను. ఆ రోజు నిన్ను నేను ఆపలేదు. నీ సంతకం నేనే పెట్టి, స్విచ్ నేనే వేశాను. మీ అక్కకు నువ్వు చెబుతావో, నన్నే చెప్పమంటావో నీ ఇష్టం. బిడ్డ పేరు మార్చుకోవాలనిపిస్తే మార్చుకో. ఏ పేరు పెట్టాలో నీకే తెలుసు.